వీడియో గేమ్ పరిశ్రమ: ఔత్సాహికుల ఉద్యోగ ప్రవేశం

చదువుకుంటూనో, వేరే ఉద్యోగం చేసుకుంటూనో, తీరిక వేళల్లో సొంతంగా గేమ్‌లు చేసేవాళ్లు ఆ పనినే చూపించి స్టూడియోల్లో జీతానికి చేరడం వీడియో గేమ్ పరిశ్రమలో మూడు దశాబ్దాలకు పైగా సాగుతున్న ఆనవాయితీ. వైద్యానికో వకీలు పనికో పట్టా కావాలి. గేమ్ డిజైనర్‌కు అలాంటి లైసెన్సేదీ లేదు. ప్రోగ్రామర్ పోస్టులకు డిగ్రీ అడిగే కంపెనీలు చాలానే ఉన్నాయి గానీ, అక్కడ కూడా అభ్యర్థి చేసిన గేమ్ బాగుంటే మాట్లాడే తీరు మారిపోతుంది. అలాగని గేమ్‌లు బాగా ఆడటం ఈ పనికి అర్హత కాదు. ఆటలో దిట్టలైనవాళ్లకు ఈ-స్పోర్ట్స్ అనే వేరే రంగం ఉంది. ఇక్కడ ఔత్సాహికులంటే చేసేవాళ్లు: ఉన్న గేమ్‌కు కొత్త లెవెల్స్ కట్టేవాళ్లు, దాని నియమాలు మార్చి ‘మాడ్’లు వదిలేవాళ్లు, చిన్నదో పెద్దదో సొంత గేమ్ పూర్తిచేసినవాళ్లు.

ఈ దారి దానంతట అది పడలేదు. ఎవరో ఒకరు పనిముట్లను ఆటగాళ్ల చేతికి ఇచ్చిన ప్రతిచోటా ఔత్సాహికులు నిపుణులయ్యారు. 1980లలో బ్రిటన్‌లో జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ లాంటి చవక కంప్యూటర్లు ఇళ్లలోకి వచ్చాయి. వాటిలో బేసిక్ భాష సిద్ధంగా ఉండేది. దాంతో పడకగదుల్లో కూర్చుని గేమ్‌లు రాసే కుర్రాళ్ల తరం తయారైంది. 1983లో ‘మానిక్ మైనర్’ చేసిన మాథ్యూ స్మిత్‌కు అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు లేవు. అయితే స్టూడియోలు పనిగట్టుకుని ఔత్సాహికుల్లోంచి మనుషులను ఏరుకోవడం మొదలైంది మాత్రం ‘డూమ్’తోనే.

డూమ్: తాళం తీసిన గేమ్

అమెరికాలోని టెక్సస్‌లో ఉన్న ఐడీ సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబర్ 10న డూమ్‌ను విడుదల చేసింది. అంతకుముందు ఏడాది వచ్చిన తమ ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’ని ఆటగాళ్లు ఎలాగోలా విప్పి సొంత లెవెల్స్ పెట్టుకోవడం ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ గమనించాడు. దాన్ని అడ్డుకోవాలని కాకుండా సులభం చేయాలని అనుకున్నాడు. అందుకే డూమ్‌లో గేమ్‌ను నడిపే ఇంజిన్‌ను ఒకవైపు, లెవెల్స్, బొమ్మలు, శబ్దాలన్నీ ‘వ్యాడ్’ అనే ఫైల్‌లో మరోవైపు పెట్టాడు. అసలు గేమ్‌ను ముట్టుకోకుండా ఎవరైనా తమ వ్యాడ్ తాము చేసుకోవచ్చు. సొంత సరుకును ఇలా జనం చేతిలో పెట్టడమేమిటని కంపెనీలోనే కొందరు సందేహించారు. ఈ మొత్తం చరిత్రలో ఇంతకంటే ముఖ్యమైన నిర్ణయం మరొకటి లేదు. 1994 జనవరికల్లా బ్రెండన్ వైబర్, రఫాయెల్ కీనే అనే ఇద్దరు ఔత్సాహికులు డీఈయూ అనే ఎడిటర్‌ను ఉచితంగా వదిలారు. అది కూడా ఐడీ చేసింది కాదు, ఆటగాళ్లే చేసుకున్నది.

ఆ ఎడిటర్‌లో పని ఎలా సాగేదో కాస్త దగ్గరగా చూడాలి. డూమ్ లెవెల్ నిజానికి పైనుంచి చూసే పటం. ముందు చుక్కలు పెట్టాలి, చుక్కలను గీతలతో కలపాలి. గీతలు చుట్టిన ప్రతి జాగా ఒక ‘సెక్టార్’. దాని నేల ఎత్తు ఒక అంకె, కప్పు ఎత్తు ఒక అంకె, వెలుతురు ఒక అంకె. ఒక సెక్టార్‌కు ఒకే నేల, ఒకే కప్పు కాబట్టి గది మీద గది కట్టడం కుదరదు. మెట్టు 24 యూనిట్లు దాటితే ఆటగాడు ఎక్కలేడు. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆటగాడు దూరంగా ఉన్న కిటికీలోంచి తుపాకిని చూడాలి, అక్కడికి దారి వెతుక్కోవాలి, దారిలో దీపాలు ఆరిపోవాలి, వెనక గోడ పైకి లేచి రాక్షసులు మీద పడాలి. ఏ అంకె మారిస్తే ఆటగాడి గుండె ఎప్పుడు దడదడలాడుతుందో వందలసార్లు ఆడి చూసి తెలుసుకున్నవాడికి లెవెల్ డిజైన్ విడిగా నేర్పక్కర్లేదు. స్టూడియోలు అలాంటివాళ్ల కోసమే చూశాయి.

1995లో టీమ్ టీఎన్‌టీ అనే ఔత్సాహిక బృందం తమ లెవెల్స్ సంపుటిని ఉచితంగా వదలబోతుండగా ఐడీ దాన్ని కొనేసింది. దానికి డారియో, మైలో కాసలీ అనే అన్నదమ్ములు చేసిన 32 లెవెల్స్ ‘ప్లుటోనియా ఎక్స్‌పెరిమెంట్’ను జతచేసి 1996లో ‘ఫైనల్ డూమ్’ పేరుతో అమ్మింది. డారియో ఆ తర్వాత వాల్వ్ కంపెనీలో చేరి ‘హాఫ్-లైఫ్’ లెవెల్స్ మీద పనిచేశాడు. డూమ్ లెవెల్స్‌తోనే చేయి తిరిగిన టిమ్ విల్లిట్స్ 1995లో ఐడీలో చేరి, అదే స్టూడియోకు డైరెక్టరై, 2019 దాకా అక్కడే ఉన్నాడు.

వాల్వ్ పట్టుకున్న కిటుకు

1996లో ఐడీ ‘క్వేక్’ను తెచ్చింది. దానితోపాటు క్వేక్-సి అనే స్క్రిప్టింగ్ భాష కూడా ఆటగాళ్ల చేతికి వచ్చింది. లెవెల్స్ మాత్రమే కాదు, ఆట నియమాలనే మార్చే వీలు దొరికింది. ఆస్ట్రేలియాలో రాబిన్ వాకర్, జాన్ కుక్, ఇయాన్ కౌలీ కలిసి అదే ఏడాది ‘టీమ్ ఫోర్ట్రెస్’ మాడ్ చేశారు. వైద్యుడు, ఇంజినీరు, గూఢచారి ఇలా ఒక్కో ఆటగాడికి ఒక్కో పాత్ర ఇచ్చి జట్లుగా ఆడించడం అందులోని విశేషం. 1998లో వాల్వ్ వాకర్‌ను, కుక్‌ను అమెరికాకు పిలిపించి ఉద్యోగంలో పెట్టుకుంది. వాళ్లు చేసిన ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’ 2007లో వచ్చింది.

వాల్వ్ తన తొలి గేమ్ హాఫ్-లైఫ్‌ను 1998 నవంబర్‌లో విడుదల చేసి, మాడ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ కిట్‌ను కూడా ఇచ్చింది. దాన్ని వాడుకుని కెనడాలో చదువుకుంటున్న మిన్ లే, అమెరికాలో చదువుకుంటున్న జెస్ క్లిఫ్ 1999 జూన్‌లో ‘కౌంటర్-స్ట్రైక్’ తొలి పరీక్షా రూపాన్ని (బీటా) వదిలారు. మిన్ లే అంతకుముందే క్వేక్ కోసం నేవీ సీల్స్ అనే మాడ్ చేసి ఉన్నాడు. అంటే కౌంటర్-స్ట్రైక్ అతని మొదటి ప్రయత్నం కాదు, చేయి తిరిగాక చేసిన పని. పేరొచ్చిన మాడ్‌ల వెనక దాదాపు ఎప్పుడూ ఇలాంటి మరుగున పడిన పాత పని ఒకటి ఉంటుంది. బీటా మీద బీటా వదులుతూ, ఆటగాళ్లు చెప్పినదాన్ని బట్టి తుపాకుల బలం, మ్యాపుల దారులు సరిచేస్తూ పోయారు. 2000లో వాల్వ్ హక్కులు కొని ఇద్దరినీ చేర్చుకుంది. అదే ఏడాది నవంబర్‌లో అది దుకాణాల్లోకి వచ్చింది. 2000ల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులిచ్చి స్నేహితులు జట్లుకట్టి ఆడింది ఈ గేమే. అది ఇద్దరు విద్యార్థుల సరదా పని అని ఆ కుర్రాళ్లలో చాలామందికి తెలియదు.

2005లో డిజిపెన్ కాలేజీ విద్యార్థులు ‘నార్బాక్యులర్ డ్రాప్’ అనే చిన్న గేమ్‌ను తమ ఉద్యోగ మేళాలో ప్రదర్శించారు. గోడ మీద ఒక తలుపు, ఇంకోచోట మరో తలుపు, ఇందులో దూరితే అందులో తేలడం దాని చమత్కారం. చూసినవాళ్లలో రాబిన్ వాకర్ ఉన్నాడు. ఒకప్పుడు తానూ మాడ్ చేసి వచ్చినవాడే కాబట్టి, బొమ్మల నాణ్యతను కాక అందులోని ఆలోచనను చూశాడు. వాళ్లను వాల్వ్‌కు పిలిపించి గేమ్ చూపించమన్నాడు. కిమ్ స్విఫ్ట్‌తో సహా ఆ జట్టు ఉద్యోగంలో చేరి చేసిన గేమే 2007లో వచ్చిన ‘పోర్టల్’. ఔత్సాహికులుగా వచ్చినవాళ్లు తర్వాతివాళ్లకు తలుపు తీయడం ఈ పరిశ్రమలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి. ఆ గొలుసు తెగిన స్టూడియోల్లో రెజ్యూమెలను కంప్యూటరే జల్లెడ పడుతుంది.

కొత్త ప్రక్రియలే పుట్టించినవాళ్లు

కొన్ని మాడ్‌లు చేసినవాళ్లకు ఉద్యోగం ఇవ్వడంతో ఆగక కొత్త గేమ్ ప్రక్రియలనే పుట్టించాయి. బ్లిజర్డ్ వారి ‘వార్‌క్రాఫ్ట్ 3’లోని మ్యాప్ ఎడిటర్‌తో ‘డోటా’ 2003లో మొదలైంది. దాన్ని పెంచినవాళ్లలో ఐస్‌ఫ్రాగ్ అనే మారుపేరుతోనే ఉండిపోయిన డిజైనర్‌ను 2009లో వాల్వ్ తీసుకుంది. గిన్సూగా పేరుపడ్డ స్టీవ్ ఫీక్ రయట్ గేమ్స్‌లో చేరి ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ మీద పనిచేశాడు.

మన ఊళ్లలో చెట్టు కింద కూర్చుని నలుగురూ ఫోన్లలో ఆడిన పబ్జీ కథ కూడా ఇలాంటిదే. ఐర్లండ్‌కు చెందిన బ్రెండన్ గ్రీన్ ఫొటోగ్రఫీ, వెబ్ డిజైన్ చేసుకునేవాడు. ‘ఆర్మా 2’ అనే సైనిక గేమ్‌కు డీన్ హాల్ చేసిన ‘డేజీ’ మాడ్‌ను ఆడి, దాని మీద తన ‘బ్యాటిల్ రాయల్’ మాడ్ కట్టాడు. అంటే అది మాడ్ మీద మాడ్. దక్షిణ కొరియాలోని బ్లూహోల్ అతన్ని పిలిచి డిజైన్ బాధ్యత అప్పగించింది. ‘ప్లేయర్‌అన్‌నోన్స్ బ్యాటిల్‌గ్రౌండ్స్’, అంటే పబ్జీ, 2017 మార్చిలో అమ్మకానికి వచ్చింది. గేమ్ పేరులో ఉన్న ‘ప్లేయర్‌అన్‌నోన్’ గ్రీన్ పెట్టుకున్న మారుపేరే.

ఉద్యోగం కోసమే చేసిన పని

అలెగ్జాండర్ వెలికీ అనే అమెరికన్ యువకుడు మొదటినుంచీ ఉద్యోగం మీదే కన్నువేసి మాడ్ చేశాడు. బెథెస్డా స్టూడియో గేమ్ ‘స్కైరిమ్’కు 2013లో అతను ‘ఫాల్‌స్కార్’ విడుదల చేశాడు. కొత్త భూభాగం, కొత్త కథ, స్వచ్ఛందంగా గొంతు అరువిచ్చిన నటులు, ఆడితే ఇరవై గంటలు దాటే నిడివి. దానికి సుమారు 2,000 గంటలు పట్టిందని చెప్పాడు. అప్పటికి అతనికి 19 ఏళ్లు. బెథెస్డాలో చేరాలనే కోరికను దాచుకోలేదు. చివరికి ఉద్యోగం ఇచ్చింది బెథెస్డా కాదు, ‘డెస్టినీ’ చేస్తున్న బంగీ. మాడ్ ఏ కంపెనీ గేమ్‌కు చేస్తే ఆ కంపెనీయే పిలవాలన్న నియమం లేదనడానికి ఇది మంచి ఉదాహరణ. మరోవైపు బెథెస్డా గేమ్‌కే చేసిన ‘ఫాలౌట్: లండన్’ అనే భారీ మాడ్‌లో ప్రధాన రచయిత్రి స్టెఫనీ జకరియాడిస్‌ను 2021లో బెథెస్డాయే తీసుకుంది. ఇలా మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతే మిగిలిన జట్టు మీద భారం పడుతుంది. ఆ మాడ్ 2024 జూలైలో గానీ బయటికి రాలేదు.

అభిమానులు చేసే గేమ్‌ల విషయంలో కంపెనీల తీరు ఒకేలా ఉండదు. ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్టియన్ వైట్‌హెడ్ సొంత ఇంజిన్ రాసుకుని పాత సోనిక్ గేమ్‌ను ఫోన్లో నడిపి చూపిస్తే ఆ గేమ్ హక్కుదారు సెగా అతనికే పని అప్పగించింది. 2011లో ‘సోనిక్ సీడీ’, 2017లో ‘సోనిక్ మేనియా’ అలా వచ్చాయి. అర్జెంటీనాకు చెందిన మిల్టన్ గ్వాస్తీ ఏళ్ల తరబడి ‘మెట్రాయిడ్ 2’ను తిరిగి నిర్మించి 2016 ఆగస్టులో ఉచితంగా వదిలితే, అసలు గేమ్ హక్కుదారు నింటెండో వెంటనే డౌన్‌లోడ్‌లను తీయించింది. కానీ ఆ పనిని అప్పటికే చూసిన మూన్ స్టూడియోస్ అతన్ని లెవెల్ డిజైనర్‌గా తీసుకుంది. ఇతరుల పాత్రలతో చేసిన గేమ్‌ను అమ్ముకోలేరు, ఎన్నాళ్లుంటుందో కూడా చెప్పలేరు. పనితనం మాత్రం చేసినవాడిదే.

పనిముట్లు చవకయ్యాక

2009లో యూనిటీ ఇంజిన్‌కు ఉచిత రూపం వచ్చింది. 2015 మార్చిలో అన్‌రియల్ ఇంజిన్ 4ను దాని తయారీదారులు అందరికీ ఉచితంగా ఇచ్చి, ఆదాయం వస్తేనే వాటా తీసుకుంటామన్నారు. 2014లో గోడో ఇంజిన్ సోర్స్‌కోడ్‌తో సహా బయటికి వచ్చింది. 3డి బొమ్మలకు వాడే బ్లెండర్ 2002 నుంచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దీంతో మాడ్ చేయడం ఒక్కటే దారి అన్న స్థితి పోయి, సొంత గేమ్ చేయడం సగటు విద్యార్థికి అందుబాటులోకి వచ్చింది. పోటీ కూడా ఆ మేరకు పెరిగింది. ఒకప్పుడు ఒక వ్యాడ్ ఫైల్ చూసి పిలిచేవాళ్లు. ఇప్పుడు 100 డాలర్ల రుసుము కట్టిన ఎవరి గేమైనా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలోకి వస్తుంది.

ఈ రద్దీలో గేమ్ జామ్‌లకు విలువ పెరిగింది. 2002లో మొదలైన లూడమ్ డేర్, 2009 నుంచి ఏటా అనేక దేశాల్లో ఒకేసారి జరిగే గ్లోబల్ గేమ్ జామ్ వీటిలో పేరున్నవి. కొద్ది రోజుల గడువులో, చాలాసార్లు ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి, ఒక చిన్న గేమ్ పూర్తిచేయాలి. ఏది వదిలేయాలో నిర్ణయించుకోవడం, పక్కవాడి కోడ్‌తో సర్దుకుపోవడం అక్కడ నేర్చుకున్నంత త్వరగా ఇంకెక్కడా రాదు.

ఎరిక్ బరోన్ కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2011లో కంప్యూటర్ సైన్స్ పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, ప్రోగ్రామింగ్‌కు పదును పెట్టుకోవడానికని వ్యవసాయం నేపథ్యంగా ఒక గేమ్ మొదలుపెట్టాడు. సియాటిల్‌లోని ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేస్తూ, కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ తనే చేసుకున్నాడు. 2016 ఫిబ్రవరిలో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ విడుదలయ్యాక అతనికి ఉద్యోగం వెతుక్కునే అవసరమే లేకపోయింది. ఇలాంటివి అరుదు. చేతిలో ఉన్న కొలువు వదిలేయడానికి దీన్ని ఆధారంగా తీసుకోకూడదు.

స్టూడియో చూసేదేమిటి

‘గేమ్‌లంటే నాకు ప్రాణం’ అనే వాక్యం ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది కాబట్టి దానికి బరువు లేదు. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్లకు తీరిక తక్కువ. మొదటి నిమిషంలో కనిపించినదాన్ని బట్టే తక్కినది చూడాలో వద్దో తేల్చుకుంటారు. అందుకే అన్నిటికంటే మంచి పనిని ముందు పెట్టి, బలహీనమైనవాటిని తీసేయాలి. 3డి ఆర్టిస్టు అందమైన బొమ్మతోపాటు దాని గీతల చట్రాన్ని (వైర్‌ఫ్రేమ్), ఇంజిన్‌లో పెట్టినప్పుడు అది కనిపించే తీరునూ చూపాలి. లెవెల్ డిజైనర్ ఇంకొంచెం ఎక్కువ చూపాలి: ఉత్త బూడిదరంగు దిమ్మెలతో కట్టిన తొలి నమూనా, దాన్ని ఆడిన నలుగురు ఎక్కడ దారి తప్పారు, ఆ తర్వాత ఏం మార్చారు. ప్రోగ్రామర్ తాను రాసిన భాగమేదో, ట్యుటోరియల్ నుంచి తెచ్చుకున్నదేదో తడుముకోకుండా చెప్పగలగాలి. వీటన్నిటికీ మించి పూర్తయిన పని కావాలి. సగంలో ఆగిన పెద్ద ఓపెన్ వరల్డ్ కంటే, మొదటి మెనూ నుంచి ముగింపు దాకా ఆడగలిగే పది నిమిషాల గేమ్ ఎంతో మేలు.

టెస్టింగ్ చాలామందికి తొలిమెట్టు. అక్కడా తేడా రాతలో తెలిసిపోతుంది. ‘మూడో లెవెల్‌లో హీరో గోడలో ఇరుక్కున్నాడు’ అని రాస్తే ప్రోగ్రామర్‌కు చేయగలిగిందేమీ ఉండదు. ఏ బిల్డ్, ఏ ఫోన్, గేటు దగ్గరికి పరిగెత్తుతూ దూకి గాల్లో ఉండగానే ఆయుధం మార్చితే ఇలా జరుగుతోంది, పదిసార్లలో ఏడుసార్లు, మామూలుగా నడిచి వెళ్తే జరగడం లేదు, ఇదిగో వీడియో అని రాస్తే మధ్యాహ్నానికల్లా సరిచేస్తారు. ఉచిత గేమ్‌ల బీటాల్లో ఇలాంటి నివేదికలు రాసి అలవాటున్నవాడు మొదటి రోజే జట్టుకు పనికొస్తాడు.

జీతం లేని గంటలు

ఫాల్‌స్కార్ వెనకున్న 2,000 గంటలు ఎవరికి ఉంటాయన్నదే ఈ పద్ధతి మీద వచ్చే అసలైన విమర్శ. ఇంటి అద్దె కట్టేవాళ్లు వేరే ఉన్న యువకుడికి ఉంటాయి. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివే అమ్మాయికి ఉండవు. ప్రతిభే కొలమానం అనిపించే చోట తీరిక కూడా కొలమానమవుతోంది. స్టూడియోలు దీన్ని ఒప్పుకుని, శిక్షణతో కూడిన జీతపు ఇంటర్న్‌షిప్‌లు పెంచాల్సిన అవసరం ఉంది.

హక్కుల విషయంలోనూ ఔత్సాహికుడి చేయి కిందే ఉంటుంది. 2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ మాడ్‌లను స్టీమ్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు చేసినవాళ్లకు దక్కిన వాటా 25 శాతమే. ఆటగాళ్లు తిరగబడటంతో కొద్ది రోజులకే ఆ పథకాన్ని ఎత్తేశారు. 2020లో ‘వార్‌క్రాఫ్ట్ 3: రీఫోర్జ్‌డ్’ వచ్చినప్పుడు, అందులో ఆటగాళ్లు చేసే మ్యాపుల మీద హక్కులన్నీ తమవేనని బ్లిజర్డ్ నిబంధన పెట్టింది. డోటా లాంటిది ఇంకోసారి చేజారకూడదన్న జాగ్రత్త అందులో స్పష్టంగా ఉంది.

చేరాక కూడా నిశ్చింత లేదు. విడుదలకు ముందు వారాల తరబడి రాత్రింబవళ్లు చేయించే ‘క్రంచ్’ మీద 2004 నుంచీ బహిరంగ చర్చ నడుస్తోంది. 2024 మొదటి రెండు నెలల్లోనే మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగం 1,900 మందిని, సోనీ ప్లేస్టేషన్ సుమారు 900 మందిని, రయట్ 530 మందిని తీసేశాయి. అనుభవమున్నవాళ్లే మళ్లీ వరుసలో నిలబడ్డప్పుడు కొత్తవాళ్లకు చోటు ఇరుకవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో

మన దగ్గర ‘గేమింగ్ కంపెనీలో ఉద్యోగం’ అంటే చాలా ఇళ్లలో మొదట గుర్తొచ్చేది డబ్బులు పెట్టి ఆడే రమ్మీయే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పందేల ఆన్‌లైన్ గేమ్‌లను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు వినోద గేమ్‌లను వాటి నుంచి వేరుగా చూపింది. గేమ్ తయారీని వృత్తిగా ఎంచుకునేవాళ్లు తల్లిదండ్రులకు ముందుగా వివరించాల్సింది ఈ తేడానే.

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు స్టూడియో ఉంది. క్రికెట్ వ్యూహం మీద నడిచే ‘హిట్‌వికెట్’ ఇక్కడ తయారైనదే. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ 2016లో ‘ఇమేజ్’ పేరుతో విధానం ప్రకటించింది. చాలా ఏళ్లు హైదరాబాద్‌లో జరిగిన ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్‌కు దేశం నలుమూలల నుంచి స్టూడియోలు వస్తాయి. ఫోన్లో తన గేమ్ తెరిచి పెట్టుకుని అక్కడ తిరిగే విద్యార్థికి, ఇంజినీరింగ్ కాలేజీ క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో దొరకని మనుషులు దొరుకుతారు. ఆ ప్లేస్‌మెంట్లకు ఎక్కువగా వచ్చేవి ఐటీ సర్వీసుల కంపెనీలే.

అందుకే పగలు ఐటీ కొలువు, రాత్రి గోడోనో యూనిటీనో అన్నట్టుగా గడిపే తెలుగువాళ్లు తమ నియామక పత్రాన్ని ఒకసారి జాగ్రత్తగా చదువుకోవాలి. ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ అంతా కంపెనీదేనన్న నిబంధన చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆఫీసు ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా సొంత యంత్రం మీదే పనిచేయడం మంచిది. అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్నవాళ్ల పరిస్థితి ఇంకా సున్నితం. ఎఫ్-1 వీసా మీద అనుమతి లేకుండా సొంత సంపాదన కుదరదు. గేమ్‌ను ఉచితంగా పంచి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడం వేరు, స్టీమ్‌లో ధర కట్టి అమ్మడం వేరు. రెండోదానికి ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో మాట్లాడి తీరాలి.